జింక్ బ్యాటరీ రొయ్యల గుంటకు అక్కరకొచ్చేనా?

తోటపల్లి గూడూరు: తీర మండలంలోని రొయ్యల గుంటల వద్ద తెల్లవారుజాము గడిస్తే గండం గడిచినట్లే. పగలు నీటిలోని నాచు అందించిన ప్రాణవాయువు రాత్రంతా తరుగుతూ సూర్యోదయానికి ముందు కనిష్ఠానికి చేరుతుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే పంట మొత్తం చేజారే ప్రమాదముంది. ఈ భయంతోనే ఆక్వా రైతులు డీజిల్ జనరేటర్లపై ఖర్చు భరిస్తున్నారు. వాటికి ప్రత్యామ్నాయంగా జింక్ బ్యాటరీల ప్రస్తావన వస్తోంది. వీటిలో నీటి ఆధారిత ద్రావణమే ఉంటుంది గనుక లిథియం బ్యాటరీల మాదిరి అంటుకునే భయం తక్కువ.

చిక్కంతా జింక్ ఎలక్ట్రోడ్‌తోనే. విద్యుత్తు వాడుకునేటప్పుడు కరిగిన జింక్, చార్జింగ్ వేళ తిరిగి యథాస్థానంలో పేరుకోదు. అక్కడక్కడ సూదుల్లా మొలిచి, మధ్యనున్న పొరను చీల్చి, అవతలి ధ్రువాన్ని తాకితే షార్ట్ సర్క్యూటే. అమెరికా నౌకాదళ పరిశోధనశాల శాస్త్రవేత్తలు 2017లో దీనికొక విరుగుడు చూపారు. జింక్‌ను స్పాంజిలా రంధ్రాలమయంగా రూపొందిస్తే విద్యుత్తు అంతటా సమంగా పారి, సూదులు మొలవడం తగ్గింది. నికెల్‌తో జతచేసిన ఈ బ్యాటరీ, ఉన్న జింక్‌లో 40 శాతం వాడుతూ వందకు పైగా చార్జింగులను తట్టుకుంది. కొద్దికొద్దిగా వాడినప్పుడు ఆ సంఖ్య పదుల వేలకు చేరింది. 'వేల చార్జింగులు' అన్న ప్రకటన కనబడితే, ఒక్కోసారి ఎంత జింక్ వాడారన్నది తప్పక అడగాల్సిన ప్రశ్న.

కరెంటు కోతకు మాత్రమే వాడుకునే రైతుకు వంద చార్జింగులు ఏళ్ల తరబడి రావచ్చు. సౌర పలకలతో రోజూ నింపి రాత్రి వాడేవారికి అవే వంద నాలుగు నెలలైనా నిండకుండానే అయిపోతాయి. ఊరకే ఉంచినా నిశ్చింత లేదు. జింక్ ద్రావణంతో చర్య జరిపి హైడ్రోజన్ వదులుతూ తనకు తానే తరిగిపోతుంది. బిస్మత్, ఇండియం వంటి లోహాలను స్వల్పంగా కలిపి దీన్ని అదుపు చేస్తున్నారు.

విశాఖలోని జింక్ కర్మాగారం 2012లోనే మూతపడినా, దాన్ని నడిపిన హిందుస్థాన్ జింక్ సంస్థ బ్యాటరీలపై దృష్టి పెట్టింది. పొరుగునున్న ఐఐటీ మద్రాసుతో 2024లో చేతులు కలిపి, ఒక యూనిట్ సామర్థ్యం గల రీచార్జబుల్ జింక్-గాలి బ్యాటరీ నమూనాను తలపెట్టింది. రెండు హార్స్‌పవర్ ఏరియేటర్లు నాలుగింటిని మూడు గంటలు తిప్పడానికి సుమారు 18 యూనిట్లు కావాలి. ఒక్క యూనిట్‌తో అవి తిరిగేది పది నిమిషాలే.