సీతాకోకచిలుకకి ఫ్రిజ్ ఎందుకమ్మా?

ఈమధ్య పెరట్లో మందారం పూస్తే దేవుడికంటే ముందు సెల్‌ఫోనుకే దర్శనమవుతోంది. అవనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఆవగింజంత పురుగుకి కళ్ళూ, మీసాలూ, కాళ్ళమీద నూగూ స్పష్టంగా కనిపిస్తుంటే ఎవరికి ముచ్చటెయ్యదు? పువ్వుమీద నాలుగు నీటిచుక్కలు చిలకరించి మంచుబిందువులని చెప్పినా, పోనీలే అని ఊరుకుంటాను. నా పోట్లాటల్లా ప్రాణమున్న వాటితో ఆడే నాటకం గురించే.

సీతాకోకచిలుక ఒకచోట కుదురుగా కూర్చోదు కదా! అందుకని దాన్ని డబ్బాలో పెట్టి కాసేపు ఫ్రిజ్‌లో ఉంచమని సలహా చెప్పే మహానుభావులున్నారు. మనకిలాగా దాని ఒళ్ళు ఎప్పుడూ ఒకే వేడిమీద ఉండదు. చుట్టూ చల్లబడితే అదీ చల్లబడి కొయ్యబారిపోతుంది. అప్పుడు తెచ్చి గులాబీమీద కూర్చోబెట్టి ఫొటో తీయడం, కింద 'ప్రకృతి ఒడిలో' అని రాసుకోవడం! ఏ ఒడి అండీ? ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె పక్కనున్న ఒడా?

తొలకరికి తడిమట్టిలోంచి బయటికొచ్చే ఆరుద్ర పురుగుకీ ఇదే గతి. ఎర్ర మఖమల్ గుడ్డలా ముద్దొస్తుందని తెచ్చి మల్లెపువ్వుమీద పెడతారు. దానికి మల్లెపువ్వుతో ఏం పని?

"పురుగే కదా, మీరు వంకాయలో పురుగుని బతకనిస్తున్నారా?" అని అడుగుతారు. బతకనివ్వను. కానీ దాన్ని నలిపేసి, నాకు పురుగులంటే ప్రాణం అని నలుగురికీ చెప్పుకోను!

"ఫొటో అందంగా ఉంటే చాలదా?" అనీ అంటారు. చాలదు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వారి పోటీలో గెలిచిన ఒక చీమలుతినే జంతువు ఫొటోకి 2018లో బహుమతి రద్దుచేశారు. అందులో ఉన్నది బొమ్మగా నిలబెట్టిన చచ్చిన జంతువే అయి ఉండాలని నిపుణులు చెప్పడమే కారణం. ఫొటో మాత్రం చాలా అందంగానే ఉంది!

అసలు ఫ్రిజ్ అవసరమే లేదు. చలికాలం పొద్దున్నే, మీరు కళ్ళాపి చల్లే వేళకి, మొక్కల్లోకి చూడండి. ఎండ తగిలేదాకా సీతాకోకచిలుక రెక్కలు ముడుచుకుని కదలకుండా ఉంటుంది. ఆ చలికి కరెంటు బిల్లు కూడా రాదు! కరివేపాకు మొక్కమీద చూడండి. పిట్టరెట్టలా కనిపించే చిన్న పురుగు కొన్నాళ్ళకి పచ్చగా మారుతుంది, తర్వాత గూడు కట్టుకుంటుంది. అందులోంచి వచ్చిన చిలుక రెక్కలు ఆరేదాకా ఎగరలేక అక్కడే వేలాడుతుంది. ముట్టుకోకుండా ఎన్ని ఫొటోలైనా తీసుకోండి.

అంత ఓపిక లేదంటారా? అయితే గోడమీద క్యాలెండర్‌ని ఫొటో తీసుకోండి. ఎంతసేపైనా కదలదు, పాపమూ రాదు!