గొంతు ముద్దు, కలం చేదా?

2024 అక్టోబరులో హాన్ కాంగ్‌కు నోబెల్ ప్రకటించిన నాటినుంచి కొరియా ప్రస్తావన లేని సాహిత్య సభ మనకు దాదాపు లేదు. మంచిదే. ‘ది వెజిటేరియన్’ పుస్తకాన్ని చదవాల్సినవాళ్లు చదివారు, తక్కినవాళ్లు కనీసం కొన్నారు. కానీ ఆ వేదికల మీదే ఇంకో మాట కూడా పదేపదే వింటున్నాం. కొరియా అంటే హాన్ కాంగ్ అట, ఆ గంతుల పాటలు కాదట. కిందటి సంచికలో ఐయూ అనే కొరియన్ గాయని రాసిన పాటల మీద, డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి వ్యాసం వేశాం. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఈ మాటే మరింత కటువుగా ఉంది. పత్రిక స్థాయి దిగజారిందన్నారు. పిల్లల పిచ్చికి పేజీలు అర్పించామన్నారు. ఒక పెద్దాయన చందా నిలిపేశారు. ఆ వ్యాసంలో ఫలానా వాక్యం తప్పు అని రాసినవారు మాత్రం ఒక్కరూ లేరు. ఆ పాటల్లో ఏముందో వాకబు చేసినవారూ లేరు. వినకుండానే తీర్పు చెప్పేశారు.

హాన్ కాంగ్ పేరు అడ్డుపెట్టుకుని పాటను ఈసడించేవారికి ముందు హాన్ కాంగ్ సంగతే చెప్పాలి. 2007లో ఆమె తనకిష్టమైన పాటల గురించి ఒక వ్యాసాల పుస్తకం తెచ్చి, దానితోపాటు తానే రాసి పాడిన పది పాటల సీడీ ఇచ్చారు. జెజు దీవిలో 1948లో మొదలైన ఊచకోతల చుట్టూ నడిచే ‘వుయ్ డు నాట్ పార్ట్’ నవల రాసిన కాలంలో తనకు తోడున్న పాటల గురించి చెబుతూ, అక్ము అనే అన్నాచెల్లెళ్ల జంట పాట ఒకటి పేర్కొన్నారు. అది అచ్చంగా పాప్ పాట, మనవాళ్లు గంతులు అని కొట్టిపారేసే బజారు సరుకు. టాక్సీలో ఆ పాట వింటూ కన్నీళ్లు పెట్టుకున్నానని ఆమే చెప్పారు. నోబెల్ రచయితకు లేని మడి మనకెందుకు?

ఇక ఐయూ. అసలు పేరు లీ జీ ఉన్. 1993లో సియోల్‌లో పుట్టారు. ఇంటివాళ్లు ఎవరికో హామీ ఉండి అప్పుల పాలైతే కుటుంబం చెల్లాచెదురైంది. తమ్ముడితో, అవ్వతో కలిసి బొద్దింకలు పారాడే ఒంటి గదిలో ఉండాల్సివచ్చింది. ఆడిషన్లకు వెళ్లి ఇరవై చోట్ల దాకా కాదనిపించుకున్నారు. మధ్యలో డబ్బు గుంజిన మోసగాళ్లూ తగిలారు. 2008 సెప్టెంబరులో, పదిహేనేళ్ల వయసులో టీవీ వేదికపై తొలి పాట పాడుతుంటే కింద కూర్చున్నవాళ్లు తిట్టిన తిట్లు తనకు వినబడ్డాయని తర్వాత ఆమే చెప్పారు. ఆ పాట ఉన్న ఆల్బమ్ నడవలేదు. ఈ కష్టాల కథ అందరూ చెప్పుకునేదే, సంగీత వ్యాపారం కూడా దీన్ని ఇష్టంగా అమ్ముకుంటుంది. మేం దీని దగ్గర ఎక్కువసేపు ఆగం. పేదరికం నుంచి పైకొచ్చిన గాయకులు ప్రతి దేశంలోనూ ఉన్నారు. మాకు ముఖ్యమైనది తర్వాత జరిగింది.

2010 డిసెంబరులో ‘గుడ్ డే’ వచ్చింది. లీ మిన్ సూ బాణీ, కిమ్ ఈనా మాటలు. చివర్లో గొంతు మెట్టు మెట్టుగా మూడుసార్లు పైకి ఎక్కుతుంది. ఆ మూడు మెట్లు దేశాన్ని కట్టిపడేశాయి. పాటలో ఒక అమ్మాయి తనకంటే పెద్దవాడైన అబ్బాయికి మనసు విప్పలేక సతమతమవుతుంది. దేశమంతా ఆమెను ‘జాతి చెల్లెలు’ అని పిలిచింది. ఆ పిలుపు మీద ప్రకటనలు వచ్చాయి, మరుసటి ఏడాది అదే జంటతో ‘యు అండ్ ఐ’ వచ్చింది, 2012లో జపాన్ మార్కెట్ తెరుచుకుంది. ఇంతవరకు అందరూ సంతోషంగా ఉన్నారు. ఆ అమ్మాయి పాడుతోంది, మాటలు వేరేవాళ్లవి. చెల్లెలు ఎలా ఉండాలో పెద్దలు రాసిపెట్టారు, ఆమె అలాగే కనిపించారు.

2013 చివర్లో తాను రాసిన ‘ఫ్రైడే’ పాట జనంలోకి వెళ్లింది. 2014లో ‘ఎ ఫ్లవర్ బుక్‌మార్క్’ అని తనకు ముందు తరం పాటలను ఏరి మళ్లీ పాడారు. సనుల్లిమ్ బృందం నాటి ‘ద మీనింగ్ ఆఫ్ యూ’ పాటకు, ఆ బృందపు కిమ్ చాంగ్ వాన్‌నే పక్కన నిలబెట్టి పాడించారు. తన భాషలో పాట ఎక్కడినుంచి నడిచొచ్చిందో వెనక్కి వెళ్లి చూసిరావడం కలం పట్టబోయే మనిషి చేసే పని. మన దగ్గర కొత్తగా రాసేవాళ్లలో ఇలా వెనక్కి వెళ్లేవారు ఎందరో లెక్కపెట్టుకోవచ్చు.

2015 అక్టోబరులో ‘చాట్-షైర్’ వచ్చింది. ప్రతి పాటకూ మాటలు ఆమెవే, ఆల్బమ్ నిర్మాణ బాధ్యతా ఆమెదే. ‘ట్వెంటీ త్రీ’ పాటలో, కొరియా లెక్కన ఇరవై మూడేళ్ల అమ్మాయి తాను నక్కా, ఎలుగుబంటా తేల్చుకోమని లోకాన్ని సవాలు చేస్తుంది. పిల్లనా, పెద్దదాన్నా, ఏది నమ్ముతారో మీ ఇష్టం అంటుంది. చెల్లెలు అన్న పిలుపును ఆమె ఆ పాటతో వాపసు ఇచ్చేశారని మా అభిప్రాయం. దానికి దేశం చెల్లింపు చేయించుకోవడానికి రెండు వారాలకు మించి పట్టలేదు.

ఆ ఆల్బమ్‌లో ‘జెజె’ అనే పాట ఉంది. బ్రెజిల్ రచయిత జోసే మౌరో దె వాస్కొన్సెలోస్ 1968లో ప్రచురించిన ‘మై స్వీట్ ఆరెంజ్ ట్రీ’ నవల చదివి రాసింది. కొరియాలో ఆ పుస్తకం చదవని ఇల్లు అరుదు. ఐదేళ్ల జెజె, లేమి, ఇంట్లో దెబ్బలు, పెరట్లోని చిన్న నారింజ చెట్టుతో కబుర్లు. ఇంటివాళ్లు వాడిలో దెయ్యం ఉందంటారు. చదివేవాడికి వాడి మెత్తని మనసు తెలుస్తుంది. చిలిపితనమూ జాలీ రెండూ ఒకే పిల్లాడిలో ఉండటమే ఆ నవల ప్రాణం. ఐయూ ఆ చెట్టు మింగిన్యో గొంతులోకి వెళ్లి పాట రాశారు. చెట్టు పిల్లాణ్ని రమ్మంటుంది, కొమ్మలెక్కమంటుంది, నీలో అమాయకత్వమూ టక్కరితనమూ కలిసున్నాయంటుంది.

నవంబరు మొదటి వారంలో ఆ నవల కొరియన్ అనువాదాన్ని వేసే దోంగ్‌న్యోక్ ప్రచురణ సంస్థ బహిరంగంగా అభ్యంతరం తెలిపింది. దెబ్బలు తిన్న ఐదేళ్ల పిల్లాణ్ని లైంగిక దృష్టితో చూపడం విచారకరమంది. జెజెకు ఆ చెట్టు ఒక్కటే నేస్తమని, దాన్ని అలా చదవకూడదని పాఠం చెప్పింది. పాటను వెనక్కి తీసుకోవాలని సంతకాల సేకరణలు మొదలయ్యాయి. మర్నాడే ఐయూ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఐదేళ్ల బాలుణ్ని అలా చూడటం తన ఉద్దేశం కాదని, తాను నవల నుంచి ప్రేరణ పొంది కల్పించుకున్న వేరే పాత్ర గురించి రాశానని విన్నవించుకున్నారు. కొద్ది రోజులకే ఆ సంస్థ కూడా, భిన్నమైన వ్యాఖ్యానాలకు ఉండే చోటును గౌరవించలేకపోయామని క్షమాపణ చెప్పింది. రెండో క్షమాపణ గుర్తున్నవాళ్లు తక్కువ.

ఆల్బమ్ అట్ట మీది బొమ్మల్లో జెజె కాళ్లకు వల మేజోళ్లు తొడగడం మాకూ నచ్చలేదు, పిల్లల విషయంలో తల్లిదండ్రుల భయాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు.

కానీ బొమ్మ మీద అభ్యంతరం వేరు, చదివే హక్కు మీద అభ్యంతరం వేరు. ప్రచురణకర్తకు పుస్తకం అమ్ముకునే హక్కుంది. పుస్తకానికి అర్థం ఇదీ అని శాసించే హక్కు అతనికి ఎవరిచ్చారు? ఈ సంగతి కొరియా వాళ్లకన్నా మనకే బాగా తెలియాలి. చలం ‘సీత అగ్నిప్రవేశం’ రాశాడు. రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ రాశారు. ఓల్గా ‘విముక్త’ రాశారు. తిట్టినవాళ్లు తిట్టారు, కానీ వాళ్లు వాల్మీకిని తమ కళ్లతో చదవకూడదన్నవారిని తెలుగు సాహిత్యం వెనక్కి నెట్టి ముందుకు నడిచింది. ‘విముక్త’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ప్రకటించింది కూడా 2015లోనే, ఆ గాయని క్షమాపణ చెప్పుకున్న నెల దాటగానే. ఓల్గా సీతను తిరిగి చదివితే పునర్మూల్యాంకనం. పాటలు రాసే అమ్మాయి జెజెను తిరిగి చదివితే అపచారం. ఒకే పనికి రెండు తూకాలు ఎందుకు? పాటగత్తె చదవదని, చదివినా అర్థం చేసుకోలేదని, అర్థం చేసుకున్నా అది ఆమె పని కాదని మనసులో ఎక్కడో స్థిరపడిపోయింది కనుక.

ఇదే మా ఫిర్యాదు. ‘గుడ్ డే’లో ఆ అమ్మాయి నోట సిగ్గుపడే మాటలు పెట్టినప్పుడు ఎవరికీ బాధ లేదు. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లే. మైనరు పిల్లను జాతి చెల్లెలిగా చేసి మగవాళ్ల ముందు నిలబెట్టినప్పుడు ఏ ప్రచురణ సంస్థా ప్రకటన చేయలేదు, ఏ సంతకాలూ సేకరించలేదు. అదే మనిషి పెద్దదై, తన బుద్ధితో ఒక నవల చదివి, తన మాటల్లో ఒక పాట రాస్తే పిల్లల పవిత్రత గుర్తొచ్చింది. వాళ్లను కలవరపెట్టింది ఆ పాట ఒక్కటే కాదు, ఆమె రచయిత కావడం.

కలం వదలకపోవడమే ఆమె గొప్పతనం. 2017లో ‘పాలెట్’ ఆల్బమ్ తెచ్చారు. అందులో ‘త్రూ ద నైట్’ అనే పాట ఉంది. నిద్రపట్టని రాత్రి ప్రియమైన మనిషి కిటికీ దగ్గరికి ఒక మిణుగురును పంపే ఉత్తరం అది. మాటలు ఆమెవే. అందులో గొంతు ఎక్కడా మెట్లెక్కదు, అరవదు, పక్కన కూర్చుని చెప్పినట్టు ఉంటుంది. 2018 జనవరిలో గోల్డెన్ డిస్క్ పురస్కారాల్లో ఆ పాటకు అత్యున్నత బహుమతి దక్కింది. ఏడేళ్ల కిందట మూడు మెట్ల కేకకు చప్పట్లు కొట్టిన దేశమే ఈ సన్నని గొంతుకు తలొంచింది. మధ్యలో మారింది గొంతు కాదు, మాటలు రాసే చెయ్యి.

2024 ఆరంభంలో ‘లవ్ విన్స్’ అని ఒక పాటకు పేరు పెడితే, అది స్వలింగ ప్రేమికుల ఉద్యమ నినాదమని, దాన్ని పలచన చేయొద్దని కొందరు అన్నారు. పాట విడుదలకు ముందే పేరును ‘లవ్ విన్స్ ఆల్’గా మార్చారు. ఇతరుల పోరాటంలో పుట్టిన మాటను వాళ్లకు వదిలేసే ఇంగితం కూడా రచయిత గుణమే.

స్వదేశంలో, పరదేశాల్లో ఆమె గెలుపు సంగతి క్లుప్తంగా చెబుతాం, ఎందుకంటే లెక్కలు అందరి దగ్గరా ఉన్నాయి. 2022 సెప్టెంబరులో సియోల్ ఒలింపిక్ స్టేడియంలో సొంత కచేరీ చేసిన తొలి కొరియన్ గాయని ఆమె. 2024లో లండన్, బెర్లిన్, లాస్ ఏంజెలిస్ సహా పద్దెనిమిది నగరాలు తిరిగి వచ్చారు. ఇంగ్లిషు పాటలు కట్టుకుని వెళ్లలేదు, కొరియన్ పాటలనే తీసుకెళ్లారు. నటిగానూ పేరొచ్చింది. 2018 నాటి ‘మై మిస్టర్’ ధారావాహికను 2020లో పాలో కొయెలో మెచ్చుకున్నారు. బ్రెజిల్ నవల చదవడం రాదని మందలించిన ఐదేళ్లకు మెచ్చుకోలు బ్రెజిల్ రచయిత నుంచే వచ్చింది. అదే ధారావాహిక చూసి జపాన్ దర్శకుడు కొరె ఎడా ‘బ్రోకర్’లో వేషం ఇచ్చారు, 2022లో ఆ సినిమా కాన్ ఉత్సవానికి వెళ్లింది. అయితే ఒకటి గమనించాలి. ఈ పొగడ్తల్లో గొంతు ఉంది, ముఖం ఉంది, నటన ఉంది. కలం మాట ఎత్తినవారు తక్కువ.

మనమేమీ మెరుగ్గా లేం. పదకవితను ప్రబంధం పక్కన పీట వేసి కూర్చోబెట్టడానికి తెలుగు పండితులకు ఎన్ని శతాబ్దాలు పట్టిందో అన్నమయ్య రాగిరేకులు చెబుతాయి. కృష్ణశాస్త్రి, శ్రీశ్రీ సినిమాకు రాస్తే పొట్టకూటికి రాశారని సర్దిచెప్పుకున్నాం. చంద్రబోస్ 1995 నుంచి రాస్తుంటే, 2023లో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చాక సాహిత్య సంస్థలు శాలువాలు పట్టుకుని పరుగెత్తాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న జాతి, రచ్చ గెలిచినవాణ్నే ఇంట్లోకి రానిస్తోంది. పరాయివాడు చప్పట్లు కొట్టేదాకా మన చెవులు మన మాట వినవు.

2025 మార్చిలో ‘వెన్ లైఫ్ గివ్స్ యు టాంజరీన్స్’ అనే పదహారు భాగాల ధారావాహిక వచ్చింది. రచన లిమ్ సాంగ్ చూన్. అందులో ఐయూ పాత్ర ఏసూన్, కవి కావాలని కలగనే జెజు దీవి పేదపిల్ల. చదువు అందదు, పెళ్లి, పిల్లలు, చేపల బజారు, కడుపుకోత. కవిత్వం ఎప్పటికప్పుడు వాయిదా పడుతుంది. ఈ పాత్రను చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లలో, మాకు తెలిసి, మన సాహితీ మిత్రులూ ఉన్నారు. తెరమీది ఏసూన్‌ను కవిగా ఒప్పుకోవడానికి వాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. ఆ వేషం వేసిన మనిషి పదేళ్లకు పైగా రాస్తున్నదాన్ని కవిత్వం అనడానికి మాత్రం నోరు రాదు.

ఏటా వెలువడే కవితా సంకలనాల సంపాదకులను, పురస్కార సంఘాల సభ్యులను, విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలను సూటిగా అడుగుతున్నాం. ఈ ఏడాది వచ్చిన పాటలను, సినిమావైనా, ప్రజావేదికలవైనా, కుర్రాళ్లు సొంతంగా విడుదల చేసుకున్నవైనా, కవితలతోపాటు బల్లమీద పెట్టి చదవండి. నిలిచినవాటిని వేయండి, నిలవనివాటిని తీసేయండి. ఒక్క పాట కూడా నిలవలేదంటే ఎందుకు నిలవలేదో పాటపాటకూ కారణం రాసి పంపండి. ఎన్ని పేజీలైనా ఈ పత్రికలో అచ్చువేస్తాం.