స్కాన్‌లో కనబడని నొప్పి

“స్కాన్ పోయినసారి లాగానే ఉంది, కొత్త మచ్చలేమీ లేవన్నారు కదా, మరి నొప్పి ఎందుకు?” మల్టిపుల్ స్క్లిరోసిస్ ఉన్నవారిని ఇంట్లోవాళ్ళు అడిగే ప్రశ్న ఇది. విచారించదగిన విషయం ఏమిటంటే, ఆస్పత్రుల్లో కూడా ఇదే ప్రశ్న వినబడుతోంది. ఆ ప్రశ్నలోనే అనుమానం ఉంది. దాన్ని మానుకోవాలని నా అభిప్రాయం.

ఎం.ఎస్. అని పిలిచే ఈ జబ్బులో మన శరీర రక్షణ వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో నరాల పోగులపై ఉండే మైలిన్ అనే పొరను దెబ్బతీస్తుంది. కరెంటు తీగ మీద తొడుగు ఊడిపోయినట్లు అనుకోండి. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ళ మధ్య, మగవారికంటే ఆడవారిలో మొదలవుతుంది. కాళ్ళు తూలడం, చూపు మసకబారడం పక్కవారికి తెలుస్తుంది. నొప్పి తెలియదు. పాడైన నరం, బయట ఏ దెబ్బా తగలకుండానే మెదడుకు “మంట” అని కబురు పంపుతూ ఉంటుంది. పాదాల మీద దుప్పటి ఆనినా ఓర్చుకోలేరు. కొందరికి తల వంచితే వెన్ను వెంబడి షాకు కొడుతుంది. కొందరికి ఛాతీ చుట్టూ నడికట్టు బిగించినట్లుంటుంది (ఇది మొదటిసారి వస్తే గుండె పరీక్ష తప్పక చేయించాలి). పళ్ళు తోముకుంటుంటే దవడలో కత్తిపోటులా వచ్చే నొప్పి మరొకటి. అది పంటినొప్పే అనుకుని మంచి పళ్ళు పీకించుకున్నవారున్నారు!

ఇదేదో అరుదైన సంగతి కాదు. అనేక పరిశోధనలను కలిపి 2013లో ప్రచురించిన సమీక్షలో, ఎం.ఎస్. ఉన్న పెద్దవారిలో సుమారు 63 శాతం మందికి ఏదో ఒక రకం నొప్పి ఉన్నట్లు తేలింది.

మన ఊళ్ళలో దీనికి జరిగే వైద్యం ఏమిటి? “నరాల బలహీనత” అని పేరుపెట్టి బలానికి ఇంజక్షన్లు, లేకపోతే మందుల షాపులో నొప్పి బిళ్ళలు. బి12 లోపం ఉంటే ఆ ఇంజక్షన్ అవసరమే, పరీక్ష చేయించండి. కానీ కీళ్ళనొప్పులకు వాడే బిళ్ళలు నరాల మంటకు పెద్దగా పనిచేయవు. నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు చేటు. నరాల నొప్పికి వాడే మందులు వేరు. ఎమిట్రిప్టిలిన్, డ్యులాక్సెటిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటివి వాడతారు. ముఖంలో వచ్చే పోటుకు కార్బమజెపిన్. వీటిని డాక్టరు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. గుణం తెలియడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. అప్పటికి మత్తుగా ఉందనో, “ఇది పిచ్చికి ఇచ్చే మందట” అని ఎవరో అన్నారనో మూడోనాడే మానేసేవారు ఎందరో. ఎమిట్రిప్టిలిన్ మానసిక కుంగుబాటుకు ఇచ్చే మందే, నిజం. నరాల నొప్పిని కూడా అది తగ్గిస్తుంది. అంతమాత్రాన నొప్పి మనసు కల్పించినదని అర్థం కాదు. చాలాకాలం వాడినవారు ఈ మందులను ఒక్కసారిగా ఆపకూడదు. కార్బమజెపిన్ వాడేటప్పుడు ఒంటిమీద దద్దుర్లు వస్తే వెంటనే డాక్టరును కలవాలి.

ఇంకో అపోహ. జబ్బు ముదరకుండా ఇచ్చే ఖరీదైన ఇంజక్షన్లు పడుతున్నాయి కాబట్టి నొప్పి పోవాలనుకుంటారు. అవి కొత్త దాడులను తగ్గిస్తాయి. ఇదివరకే పాడైన నరం నుంచి వచ్చే నొప్పికి విడిగా వైద్యం చేయాల్సిందే. మందులతో కూడా పూర్తిగా పోకపోవచ్చు. సగం తగ్గి రాత్రి నిద్రపడితే అదే గొప్ప మేలు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఎం.ఎస్.ను జాబితాలో చేర్చింది. సంతోషమే. నడక చూసి శాతం వేయవచ్చు, మరి తెల్లవార్లూ మండే కాళ్ళకు ఎంత వేస్తారు?

నా సూచన చిన్నది. ఎం.ఎస్. రోగి వచ్చిన ప్రతిసారీ బి.పి. చూసినట్లే నొప్పి సంగతి కూడా అడగాలి. పదింటికి ఎంత, ఎక్కడ, నిద్ర పడుతోందా అని అడిగి ఓ.పీ. చీటీ మీద రాయాలి. డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి. వెంట వచ్చిన భర్తగాని, అత్తగారుగాని ఆ ఒక్క నిమిషం మధ్యలో మాట్లాడకుండా ఉంటే చాలు.