బొడిపెల టైర్లు - బోడి సలహాలు

మా అమ్మాయి సైకిలుకి పంక్చరు పడ్డ రోజున మా ఇంట్లో పంచాయతీ కూర్చుంటుంది. "ఆడపిల్లకి సైకిలేమిటే, ఆటో మాట్లాడి పంపించక!" అంటారు మా అత్తగారు. "అమ్మేస్తే సరి, వెధవ గొడవ వదిలిపోతుంది" అంటారు మావారు పేపరు మడుస్తూ. "ఎండలో తొక్కీ తొక్కీ పిల్ల నల్లబడిపోతోంది వదినా!" అని పక్కింటావిడ గోడ మీంచి ఓ మాట పడేస్తుంది.

కిందటి నెల మా పెద్దవాడి మోటారు సైకిలు టైరు పోయింది. ఎవరైనా "బండి అమ్మెయ్యరా" అంటారేమోనని చెవులు రిక్కించి విన్నాను. అబ్బే! "వెధవ టైరు, రెండేళ్ళన్నా రాలేదు" అని టైరుని తిట్టి, మావారు రెండువేలు తీసి వాడి చేతిలో పెట్టారు.

అదండీ సంగతి. అబ్బాయి బండి ఆగితే తప్పు టైరుది. అమ్మాయి సైకిలు ఆగితే తప్పు అమ్మాయిది, సైకిలుది, కొనిపెట్టిన తల్లిది. టైరొక్కటే నిర్దోషి!

నేను బి.ఏ. తెలుగు చదువుకున్నదాన్ని. యతిప్రాసల సంగతి అడిగితే చెప్తాను గాని టైర్ల సంగతి నాకేం తెలుసు? అయినా ఈ పంచాయతీ పడలేక, పాల లెక్క రాసే పుస్తకం వెనక పేజీల్లో టైర్ల లెక్క కూడా రాయడం మొదలుపెట్టాను. మూడేళ్ళ మూడు నెలల లెక్క అది. వెనక చక్రానికి మూడు టైర్లు అయ్యాయి. మూడూ చవక రకాలే. రోజుకి రానూ పోనూ పది కిలోమీటర్ల తొక్కుడు.

మొదటిది సైకిలుతో వచ్చిన టైరు. అమ్మాయి తొమ్మిదో తరగతిలో చేరినప్పుడు మోజుపడి కొనుక్కున్న సైకిలు. దాన్ని మౌంటెన్ బైకు అంటారట. కృష్ణా డెల్టాలో అరచేయిలా చదునుగా వుండే మా వూళ్ళో ఎక్కడానికి వున్న పెద్ద పర్వతం రైల్వే ఓవర్ బ్రిడ్జి ఒక్కటే! టైర్లేమో లావుగా, పనసకాయ మీద ముళ్ళలా ఇంతింత బొడిపెలు. "చూశారా అమ్మా, ఎంత గట్టివో!" అన్నాడు షాపువాడు. నిజమే కాబోలనుకున్నాను.

ఆ బొడిపెలు ఎందుకు పుట్టాయో తర్వాత చదివి తెలుసుకున్నాను. 1970లలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని మెరీన్ ప్రాంతంలో కొందరు కుర్రాళ్ళు లావు టైర్ల పాత సైకిళ్ళని కొండమీదికి చేర్చి, మట్టిదారుల్లో కిందికి పందేలు వేసుకునేవారట. ఆ సరదాలోంచి పుట్టిందీ సైకిలు. బురదలోనూ కంకరలోనూ బొడిపెలు దిగబడి పట్టు ఇస్తాయి. చెరువు గట్టు మీద, పొలం డొంకలో తొక్కే పిల్లలకి అవి కావలసిందే, నేను కాదనను. కాని తారురోడ్డులోకి బొడిపె దిగబడదు కదా! రోడ్డుని తాకేది ఆ బొడిపెల కొసలే. తొక్కుతుంటే తేనెటీగల్లా రొద, కాళ్ళకి బరువు, అరుగుదల ఎక్కువ. పధ్నాలుగు నెలలకి మధ్య వరస బొడిపెలు మాయమై లోపలి దారాలు బయటపడ్డాయి. ఆలోగా తొమ్మిది పంక్చర్లు.

రెండో టైరు కొనడానికి నేనే వెళ్ళాను. ఇరవయ్యారు అంగుళాలది ఇమ్మన్నాను. ఇంటికి తెస్తే చక్రానికి పట్టలేదు! లేడీస్ సైకిళ్ళకి వేసే 26 × 1 3/8 టైరు వేరు, ఈ సైకిలుకి వేసే 26 × 1.95 వేరుట. మొదటిది చక్రం మీద కూర్చునే చోట 590 మిల్లీమీటర్లు, రెండోది 559. రెంటినీ ఇరవయ్యారనే పిలుస్తారు. రవిక కొలత చెప్పేటప్పుడు అరంగుళం తేడా రానివ్వం కదా, టైరు దగ్గర మాత్రం ఎందుకు బేలలం కావాలి? టైరు పక్కన చిన్న అక్షరాలుంటాయి. చివర 559 వుందో లేదో చూసి మరీ తీసుకోండి.

మళ్ళీ వెళ్ళి, షాపులో అన్నిటికంటే చవకది తెచ్చాను. రెండు వందల ఎనభై. దానికీ బొడిపెలే, చూపుకి దర్జాగానే వుంది. ఆరు నెలలకి పక్కల సన్నటి పగుళ్ళు వచ్చాయి. తర్వాత ఒకచోట పూరీలా ఉబ్బింది. ఎనిమిదో నెలలో, పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో, లెక్కల పరీక్ష నాడు, నడిరోడ్డు మీద ఢామ్మని పేలింది. పిల్ల రెండు కిలోమీటర్లు సైకిలు నడిపించుకుంటూ పరుగెత్తి, గంట కొట్టడానికి నాలుగు నిమిషాల ముందు హాల్లో పడింది. ఇంటికొచ్చి బావురుమంది.

ఆ రాత్రి పంచాయతీ తీర్పు చెప్పేసింది. సైకిలు అమ్మెయ్యాలి, కాలేజీకి ఆటో పెట్టాలి. నెలకి పదిహేను వందలు. ఆటో అబ్బాయి వచ్చినప్పుడు ఎక్కాలి, అతను తిరిగొచ్చినప్పుడు దిగాలి. లైబ్రరీ లేదు, స్నేహితురాలింట్లో అరగంట చదువుకోవడం లేదు. రెండు వందల ఎనభై రూపాయల టైరు చేసిన తప్పుకి పిల్ల సాయంత్రాలన్నీ జుల్మానా కట్టాలన్నమాట!

నేను ఒప్పుకోలేదు. పేలిన టైరు పట్టుకుని మా వీధి చివర పంక్చర్లు వేసే ముసలాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన ట్యూబు ఊడదీసి చూపించాడు. పక్కపక్కన రెండేసి గాట్లు, పాము కరిచినట్టు. "ఇవి ముళ్ళు కాదమ్మా, గాలి లేక" అన్నాడు. గాలి తక్కువైతే రాయి మీదికెక్కినప్పుడు ట్యూబు చక్రం అంచుకీ రాయికీ మధ్య నలుగుతుందిట. టైరు పక్కలు మడతపడీ మడతపడీ పగుళ్ళిస్తాయిట. "గాలి కొడితే అయిదు రూపాయలు, పంక్చరుకి యాభై. అందరూ యాభై ఇచ్చేదాకా రారు తల్లీ" అని నవ్వాడు.

నాకు సిగ్గేసింది. మా ఇంట్లో పాతకాలం సైకిలు పంపు ఒకటి వుంది. ఈ సైకిళ్ళ ట్యూబుకి మోటారు సైకిలు తరహా వాల్వు వుంటుంది, ఆ పంపు దీనికి పట్టదు. పట్టలేదని పంపు మూలపడేశామే గాని, పట్టేది కొందామని ఎవరికీ తోచలేదు. పంక్చరు లేకపోయినా ట్యూబులోంచి గాలి కొంచెం కొంచెంగా పోతూనే వుంటుంది. నెలల తరబడి కొట్టకపోతే ఏ టైరు మాత్రం నిలుస్తుంది?

మూడో టైరు నాలుగు వందల ఇరవై పెట్టి కొన్నాను. నడిమి భాగం పట్టీలా నున్నగా వుంటుంది, పక్కల మాత్రం చిన్న చిన్న బొడిపెలు. చూపుకి బొత్తిగా ఆనదు. "ఇదేమిటే, అరిగిపోయిన టైరు కొన్నావా?" అన్నారు మావారు! ముల్లుతో గాలి చూపించే పంపు ఒకటి ఆరు వందలకి కొన్నాను. టైరు పక్కన ఎంత గాలి పట్టాలో అచ్చువేసి వుంటుంది. ప్రతి ఆదివారం తలంటుకి ముందు అమ్మాయి అంతవరకూ కొట్టుకుంటుంది. పదిహేడు నెలలైంది. మూడే పంక్చర్లు. ఆ టైరు ఇంకా నడుస్తూనే వుంది.

ఇక లెక్క చూడండి. చవక టైరుకి రెండు వందల ఎనభై, ఏడు పంక్చర్లకి మూడు వందల యాభై, ఎనిమిది నెలలకి ఆరు వందల ముప్ఫై. నెలకి డెబ్భైతొమ్మిది. మూడో టైరుకి పంక్చర్లతో కలిపి ఇప్పటికి అయిదు వందల డెబ్భై. నెలకి ముప్ఫైనాలుగు. పంపు ఖరీదు కలుపుకున్నా డెబ్భై దాటదు, పంపేమో పదేళ్ళుంటుంది. ఇందులో టైరు గొప్పతనం ఎంతో, గాలి గొప్పతనం ఎంతో విడదీసి చెప్పలేను. రెండూ ఒకేసారి మార్చాను మరి. సగం సగం అనుకోండి.

"అదేదో వేలు పోసి ఖరీదైంది కొంటే పోలా?" అనే మహానుభావులూ వున్నారు. అక్కర్లేదు. నే చెప్పేది ఖరీదు గురించి కాదు. చవకది కొనండి, కాని చూపు చూసి కొనకండి. దర్జాకి బొడిపెలు, పొదుపుకి నాసిరకం రబ్బరు, బద్ధకానికి గాలి కొట్టకపోవడం - ఈ మూడూ పెద్దవాళ్ళ తప్పులు. శిక్ష మాత్రం సైకిలు తొక్కే పిల్లకి!

సైకిళ్ళకి గాలి టైరు వచ్చిందే ఒక తండ్రి శ్రద్ధ వల్ల. బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు, కొడుకు మూడు చక్రాల బండి కుదుపుతోందని చూసి గాలి టైరు తయారుచేశాడు. 1888లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన గనక మా పంచాయతీ పెద్దల్లాంటివాడైతే "కుదుపుగా వుంటే తొక్కకు" అని వూరుకునేవాడు!

సైకిలంటే ఆడపిల్లకి ఎంతో మరో లెక్క చెప్తాను. బీహారులో 2006లో తొమ్మిదో తరగతికి వచ్చే ఆడపిల్లలకి ప్రభుత్వం సైకిళ్ళు ఇప్పించడం మొదలుపెట్టింది. ఆర్థికశాస్త్రవేత్తలు తర్వాత లెక్కగట్టి చూస్తే, వయసుకి తగ్గట్టు హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు. ఆ సైకిళ్ళకి మాత్రం పంక్చర్లు పడలేదా? పడే వుంటాయి. ప్రతి పంక్చరుకీ ఓ పంచాయతీ కూర్చుని సైకిళ్ళు అమ్మేసి వుంటే ఆ పిల్లలు ఏ క్లాసులో ఆగిపోయి వుండేవారో!

అందుకని అమ్మలూ, మీ పిల్లకి సైకిలు కొంటే పంపు కూడా కొనండి. రెండు టైరు లీవర్లు, నాలుగు ప్యాచీలు, ఓ సొల్యూషన్ ట్యూబు, ఓ గరుకు కాగితం ముక్క కొని, ఎలా వాడాలో ఆ పంక్చరు తాతగారి దగ్గర ఒక్క పూట నేర్పించండి. పూలు కట్టడం వచ్చిన వేళ్ళకి అది కష్టం కాదు.

మొన్న మళ్ళీ పంక్చరు పడింది. "నే ముందే చెప్పానా..." అంటూ మా అత్తగారు వీధి అరుగు మీద సర్దుక్కూర్చున్నారు. మావారు పేపరు మడిచారు. పక్కింటావిడ గోడ దగ్గరికి వచ్చింది. ఈలోగా మా అమ్మాయి బకెట్లో నీళ్ళు తెచ్చి, ట్యూబు ముంచి, బుడగలొచ్చిన చోట ప్యాచీ అతికించి, గాలి కొట్టుకుని, చేతులు కడుక్కుని, "అమ్మా, వెళ్ళొస్తా" అని సైకిలెక్కి వెళ్ళిపోయింది. పాతిక నిమిషాలు పట్టింది.

పంచాయతీకి వచ్చినవాళ్ళందరికీ కాఫీ ఇచ్చి పంపించాను.