చదువుట నేర్పవలసినది బడియే

మూడవ తరగతి బాలుని చేతికి తెలుగు వాచకమిచ్చి చదువుమన్నచో, ఉపాధ్యాయుడు చెప్పిన పాఠమైన యెడల వాడు తడుముకొనక అప్పజెప్పును. అదే పుస్తకములో ఇంకను చెప్పని పాఠము తెరచి చూపినచో మొదటి పంక్తి కడనే ఆగిపోవును. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెబడుల నెరిగినవారి కిది వింత కాదు. దేశమంతట గ్రామములలో 2024లో జరిగిన 'అసర్' అను విద్యాస్థితి పరిశీలనలో, ప్రభుత్వ పాఠశాలల మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు నూటికి 23.4 మంది మాత్రమే. 2022 నాటి 16.3 కంటె ఇది మెరుగే. కాని దీనితో తృప్తిపడుట బిడ్డలయెడ అపచారము.

చదువలేకపోవుటకు కారణము పిల్లల మందబుద్ధి యనుట అన్యాయము. మన లిపిలో ప్రతి హల్లును అచ్చుల గుర్తులతో చేరి పదునాలుగు పదునైదు రూపులు దాల్చును. త, న, మ, య, ర, ల వంటి వాని ఒత్తులకు మూలాక్షరముతో పోలికయే యుండదు. ప, ఫ, ష, స లకు నడుమ భేదము చిన్న గీత మాత్రమే. ఇంతటి సంపదను పసివాడు నిదానముగా, మాటలలో చూచి, పలికి, మరల వేరొక మాటలో గుర్తించి స్వాధీనము చేసికొనవలసి యుండగా, మనము గుణింతమును పాటగా వల్లెవేయించి తృప్తి చెందుచున్నాము. క కా కి కీ యని తుదిదాక శ్రావ్యముగా చదివిన బాలికకు నడుమనున్న 'కొ'ను వేలితో చూపి యిదేమని అడిగినచో, మరల మొదటినుండి వరుసగా వచ్చి అచట ఆగి చెప్పును. ఆమెకు పట్టుబడినది వరుస మాత్రమే. పలకపై పదిసార్లు వ్రాయించుటవలన వ్రేళ్లు అలసినను ఈ లోపము తీరదు.

బడిలో రానిది ఇంటివద్ద వచ్చుననుకొనుట ఈ సీమలో మరియు అసంగతము. 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి రాష్ట్రపు అక్షరాస్యత నూటికి 67.02 కాగా, శ్రీకాకుళము జిల్లాలో 61.74, విజయనగరము జిల్లాలో 58.89. తల్లిదండ్రులు హైదరాబాదునకు, చెన్నపట్టణమునకు కూలికిని, తీరగ్రామములవారు గుజరాతులోని వేరావలు రేవుకు చేపల వేటకును వలసపోగా, తాతల కడ, మామ్మల కడ పెరుగుచున్న బిడ్డలెందరో. ఆ మామ్మకు 'ఇంటివద్ద చదివించి పంపుము' అని కబురు చేయుట, బడి తన ధర్మమును చదువురాని ముదుసలి తలపై మోపుట యగును.

బిడ్డలకు బడిలో చదువు నేర్పు విషయమున ఈ సీమయే ఒకనాడు దేశమునకు దారి చూపినది. శ్రీకాకుళము చెంత పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండగా, సమీపపు కొండలలోని సవరల భాషను వారినుండియే శ్రమపడి నేర్చి, ఆ బిడ్డలకు వారి మాటలోనే వాచకములు రచించి, బడులు పెట్టించెను. ఆ పుస్తకములను 1911లో మద్రాసు ప్రభుత్వము ప్రచురించెను. వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా ఆయనకు ఏటేట ఆగస్టు 29న పూలమాలలు వేయుచున్నాము. సవర బిడ్డకు తొలిపాఠము చెప్పిన ఆ ఉపాధ్యాయుని మాత్రము తగినంతగా తలపము. నా దృష్టిలో ఆయన కృషిలో మిక్కిలి గొప్పది ఇదియే. తనకు తెలిసిన మాటనే కాగితముపై చూచినపుడు గదా, ఈ గీతలు తాను పలుకు ధ్వనులేయని పసివానికి స్ఫురించుట! దాదాపు శతాబ్దము తరువాత, 2004 ప్రాంతమున, సవర మొదలగు ఎనిమిది గిరిజన భాషలలో ప్రభుత్వము ప్రాథమిక విద్య నారంభించినది. ఆ పని విస్తరింపవలసినంతగా విస్తరింపలేదు.

మైదానపు బిడ్డలకును ఈ న్యాయమే వర్తించును. 'ఏటి' యని పలికిన బాలుని మందలించి 'ఏమిటి' యనిపించు గురువు, వాని నోటితోపాటు ఉత్సాహమును గూడ మూయుచున్నాడు. గ్రంథభాష కావలసినదే, సౌష్ఠవము గలదే. కాని అది మేడపై అంతస్తు, మెట్లు ఇంటిమాటతో మొదలిడవలెను. విజయనగరమున చాసోయు, శ్రీకాకుళపు కారా మాస్టారును ఇచటి జీవితమును, ఇచటి పలుకును కథలలో నిలిపిరి. మాస్టారు 1997లో శ్రీకాకుళమున స్థాపించిన కథల గ్రంథాలయమగు కథానిలయములో తెలుగు కథ సురక్షితముగా నున్నది. పెద్దలకు ఇంతటి భాగ్యము చేకూర్చిన జిల్లాలో, ఏడేండ్ల పిల్లకు ఈ సీమ మాటలతో, వంశధారతో, జీడితోటతో, వలతో, అంబలితో అల్లిన పెద్దయక్షరముల చిరుకథలు ప్రతి బడిలో నూరైనను ఉండవలదా?

మూడవ తరగతి ముగియునాటికి ప్రతి బిడ్డయు అర్థమెరిగి చదువవలెనని 2021లో ఆరంభమైన నిపుణ్ భారత్ పథకము 2026-27ను గడువుగా పెట్టినది. ఆ గడువు ప్రకటనలతో నెరవేరదు. మొదటి రెండు తరగతుల ఉపాధ్యాయుని ఛాయాచిత్రములు పంపుట, లెక్కలు నింపుట మొదలగు పనులనుండి విముక్తుని చేసి, దినమున కొక పూర్తి గంట చదువుటకే కేటాయింపవలెను. ఆ గంటలో ప్రతి బిడ్డయు ఒంటరిగా, కొన్ని పంక్తులైనను, గురువు ప్రక్కన కూర్చుండి చదువవలెను. తప్పు పలికిన అక్షరమును గురువు అప్పుడే, కోపింపక, మరియొక మాటలో చూపి దిద్దవలెను. మూడు నెలల కొకమారు పాఠశాల కమిటీవారి యెదుట, తల్లులును మామ్మలును వినుచుండగా, ఏ బిడ్డయు మునుపు చూడని పుటను తెరచి చదివింపవలెను. అక్షరమురాని తల్లియైనను, బిడ్డ తడబడుచున్నదో, నడచుచున్నదో చెవితోనే గుర్తింపగలదు.