నాన్నజ్ బీడులో పని నేర్చుకుంటామనే పిల్లలకు



"మావాడు మగ్గం వద్దు, అడవి పని కావాలంటున్నాడు" అని ఆఫీసుకొచ్చి చెప్పుకునే తల్లులున్నారు. మేము నవ్వి పంపలేదు. మన షోలాపూరుకు ఇరవై కిలోమీటర్లలోనే నాన్నజ్ ఉంది. బట్టమేక పక్షి (ఇక్కడివాళ్లు మాళ్‌ఢోక్ అంటారు) కోసం 1979లో దాన్ని అభయారణ్యం చేశారు. పేరుకే అరణ్యం, ఉన్నది గడ్డి బీడు. ఆ పక్షికి చెట్లు కాదు, బయలు కావాలి. దేశమంతటా బయట తిరిగేవి 150 కూడా లేవు.

అలాంటి చోట ఎండాకాలం మంటలు పాకకుండా గడ్డి కొట్టాలి, గుంటలకు నీళ్లు చేర్చాలి, జింకల్నీ తోడేళ్లనీ లెక్కపెట్టాలి. పోగు తెగితే దూరంనుంచే పసిగట్టే కన్ను మన పిల్లలకుంది. సాయంత్రానికి ఇంటికి రావచ్చు, భివండీలో గది అద్దె కట్టనక్కర్లేదు.

అయితే ఎవరైనా అప్రెంటిస్‌గా తీసుకుంటామంటే సంతకానికి ముందు ఆగండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ కార్మికుడు కాడు. దెబ్బ తగిలితే పరిహారం ఉంది గాని, శిక్షణ అయ్యాక ఉద్యోగమిస్తామన్న హామీ ఒప్పందంలో రాస్తేనే ఉంటుంది. మేమూ బదిలీలుగా మిల్లు గేటు దగ్గర ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లమే. ఫారెస్టు గార్డు ఉద్యోగానికి పరీక్ష ఉంది, మామూలుగా 12వ తరగతి అడుగుతారు. కాబట్టి ముందు చదువు మాన్పించకండి. ఒప్పంద కాగితం ఏదైనా చేతికొస్తే ఆదివారం ఆఫీసుకు తీసుకురండి, కలిసి చదువుదాం.