సోలార్ సరే, రాత్రి కాన్పు సంగతేమిటి?

హైదరాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే రోడ్డు మీద మర్రిచెట్లతో పాటు ఇప్పుడు ఆస్పత్రులూ కనిపిస్తున్నాయి. మొయినాబాద్ దగ్గర భాస్కర్, చేవెళ్ల దగ్గర పట్నం మహేందర్‌రెడ్డి పేర్లతో వైద్య కళాశాలలున్నాయి. ఆ పక్కనున్న సురంగల్ లాంటి ఊళ్లవాళ్లు ప్రతి జబ్బుకూ నగరానికి పరిగెత్తనక్కర్లేదంటే సంతోషమే. కానీ ఎక్కడైనా సరే, ఆస్పత్రి అంటే రాత్రీపగలూ కరెంటు తాగే ఇల్లు. దాన్ని ‘పచ్చ’గా మార్చమంటే అందరికీ ముందు తట్టేది పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు. వాటి ముందు నాయకులు ఫొటో దిగడం కూడా తేలిక.

ఆ ఫొటోలో కనిపించని సంగతొకటుంది. బ్యాటరీ గానీ ప్రత్యేక ఏర్పాటు గానీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన సోలార్, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. అది లోపం కాదు. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా పెట్టిన జాగ్రత్త. నెత్తిన ఎండ మండుతున్నా కింద కాన్పు గదిలో చీకటే! రాత్రి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఛత్తీస్‌గఢ్ మాత్రం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు (పీహెచ్‌సీలకు) బ్యాటరీలతో సహా సోలార్ పెట్టింది. ఇంధన విషయాలపై పరిశోధన చేసే సీఈఈడబ్ల్యూ సంస్థ 2017లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, సోలార్ ఉన్నచోట నెలవారీ కాన్పులు లేనిచోటికన్నా దాదాపు రెట్టింపు. పీహెచ్‌సీకి మెగావాట్లు అక్కర్లేదు. కాన్పు బల్ల మీది దీపం, పసిబిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్, టీకాల ఫ్రిజ్ ఆగకపోతే చాలు.

పెద్దాస్పత్రి లెక్క వేరు. అక్కడ బిల్లులో సింహభాగం ఏసీలదే. ఆపరేషన్ థియేటర్లో గంటకు ఇరవైసార్లకు తగ్గకుండా గాలి మారాలి, అందులో రాజీ లేదు. మరి థియేటర్ ఖాళీగా ఉన్న రాత్రంతా అదే జోరు ఎందుకు? వార్డుల్లో 75 వాట్ల పాత ఫ్యాన్లు నూరు తీసి తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే, ఇరవైనాలుగు గంటలూ తిరిగే చోట రోజుకు 108 యూనిట్లు మిగులుతాయి. ఇలాంటి పనికి రిబ్బన్ కటింగ్ ఉండదు. అందుకే ఆలస్యమేమో.

1908 మూసీ వరద తర్వాత ఏడో నిజాం కాలంలో కట్టిన ఉస్మానియా ఆస్పత్రిలో ఏసీల ఊసే లేదు. ఎత్తైన కప్పులు, మందపు గోడలు, పొడవాటి వరండాలతోనే వార్డులు చల్లబడేవి. ఆ కట్టడాన్ని మనం కాపాడుకోలేకపోయాం. 2020 జులైలో వార్డుల్లోకి మురుగునీరొచ్చి పాత భవనం మూతపడింది. కనీసం దాని పాఠమైనా నేర్వకుండా కొత్తగా కట్టేవాళ్లు పడమటి ఎండకు అద్దాల గోడ నిలబెట్టి, ఆ వేడిని ఏసీతో తోడిపోయడం ఏం తెలివి?

ఆ వరద తర్వాతే గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కూడా వచ్చాయి. వాటికోసమే 1996లో 111 జీవో 84 గ్రామాల్లో కాలుష్యం తెచ్చే కట్టడాలకు కళ్లెం వేసింది. 2022లో ప్రభుత్వం ఆ కళ్లెం వదులుతూ ఉత్తర్వు ఇచ్చింది. అలాంటప్పుడు ఆస్పత్రుల నుంచి వచ్చే, యాంటీబయాటిక్ కలిసిన మురుగు ఎటు పోతుందన్నది కరెంటు బిల్లుకన్నా పెద్ద ప్రశ్న. మురుగు శుద్ధి ప్లాంటు కట్టి, కరెంటు ఖర్చని దాన్ని ఆపేసే చోట పొదుపు మాటకు అర్థం లేదు.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. ఏడాదికి పడకకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో, శుద్ధి ప్లాంటు ఎన్ని గంటలు నడిచిందో, ప్రతి ఆస్పత్రీ ఓపీ చీటీ రాసే కిటికీ పక్కన రాసిపెట్టాలి.